తెర మీద తెలుగు: చిక్కులు, విరుగుళ్ళు



మన బడిలో అ ఆలు దిద్దిన పిల్లలు రెండు మూడేళ్ళు తిరిగేసరికి సొంతంగా నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నారు. కాగితం మీద రాసినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. అదే వ్యాసాన్ని కంప్యూటర్లో టైపు చేసి సంచికకు పంపమన్నప్పుడే అసలు కథ మొదలవుతుంది. ఒకరి వ్యాసం చదరపు డబ్బాలుగా కనిపిస్తుంది. ఇంకొకరిది ప్రశ్నార్థకాల వరుస అవుతుంది. మరో ఇంట్లో పాప తన పేరు తెలుగులో టైపు చేయగానే దాని కింద ఎర్ర గీత పడుతుంది. "అమ్మా, నా పేరు తప్పా?" అని పాప అడుగుతుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే చాలు, "ఇంగ్లీషులోనే రాసేస్తానమ్మా" అంటారు పిల్లలు.

మేము భయపడేది ఆ మాటకే. కంప్యూటరు పడే తికమకను తెలుగులో ఉన్న లోపంగా పిల్లలు అనుకోకూడదు. అందుకే వర్డ్‌లో తెలుగు రాసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులను, వాటి విరుగుళ్ళను ఈ సంచికలో ఒక పాఠంగా రాస్తున్నాం. పెద్దలూ పిల్లలూ పక్కపక్కన కూర్చుని, కంప్యూటరు ఎదురుగా పెట్టుకుని చదవండి.

1. ముందు ఒక చిన్న పాఠం: మనిషి వేరు, చొక్కా వేరు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని భాషల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చిన పెద్ద పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకు 128 గళ్ళు మన తెలుగువి. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. మనం టైపు చేసినప్పుడు ఫైల్లో దాచబడేది ఈ సంఖ్యలే. ఆ సంఖ్యకు తగిన బొమ్మను తెర మీద చూపించే పని ఫాంటుది. సంఖ్యను మనిషి అనుకుంటే ఫాంటు చొక్కా. చొక్కా మారినా మనిషి మారడు, చొక్కా దొరకకపోయినా మనిషి ఎక్కడికీ పోడు.

ఇంకొక్క విషయం. మనం ఒకే అక్షరంగా పలికే 'స్త్రీ' కంప్యూటరు లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. వరుసగా వాటి సంఖ్యలు 3128, 3149, 3108, 3149, 3120, 3136. తవత్తును, రవత్తును స కింద అమర్చి, గుడిని పైన పెట్టి ఒక్క బొమ్మగా చూపించడం ఫాంటూ, కంప్యూటరూ కలిసి చేసే పని. బాక్‌స్పేస్ మీట ఒక్కసారి నొక్కితే 'స్త్రీ' మొత్తం పోకుండా గుడి మాత్రమే ఊడి 'స్త్ర' మిగలడానికి కారణం ఇదే. అదే అక్షరానికి ముందు కర్సరు పెట్టి డిలీట్ మీట నొక్కితే వర్డ్‌లో అక్షరం మొత్తం ఒకేసారి పోతుంది. గుణింతం మాత్రమే దిద్దుకోవాలంటే బాక్‌స్పేస్, అక్షరమే వద్దనుకుంటే డిలీట్ అని గుర్తుపెట్టుకోండి.

ఒక్కోసారి గుడి, కొమ్ము వంటి గుర్తులు చుక్కల వలయం పక్కన ఒంటరిగా కనిపిస్తాయి. హల్లు లేకుండా గుణింతం గుర్తు టైపు చేశారని దాని అర్థం. ముందు హల్లు, తర్వాతే గుణింతం. పలక మీద నేర్పిన వరుసే ఇక్కడా వర్తిస్తుంది.

2. డబ్బాలా, పిచ్చి గీతలా, ప్రశ్నార్థకాలా?

ఫైలు తెరవగానే తెలుగు కనిపించకపోతే కంగారుపడి దేన్నీ చెరపకండి, సేవ్ చేయకండి. ముందు ఏ రూపంలో కనిపిస్తోందో చూడండి. వైద్యుడు నాడి చూసినట్టు అన్నమాట.

డబ్బాలు కనిపిస్తే: ఇది చిన్న జబ్బు. అక్షరాల సంఖ్యలు క్షేమంగా ఉన్నాయి, వాటికి చొక్కా దొరకలేదు, అంతే. తెలుగు అక్షరాలున్న ఫాంటు ఎంచుకుంటే సరిపోతుంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల వచ్చాయి. గూగుల్ వారి నోటో ఫాంటుకు ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పండి. తెర మీది డబ్బాలను ఇంగ్లీషులో సరదాగా 'టోఫు' అంటారు. 'నో టోఫు', అంటే డబ్బాలు వద్దు, అనే మాటలోంచి నోటో పుట్టింది.

పిచ్చి గీతలు కనిపిస్తే: వీటిలో రెండు రకాలున్నాయి. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', దాని వెంట డిగ్రీల గుర్తు పదేపదే వస్తుంటే, అది యూనికోడ్ తెలుగే. కంప్యూటరు దాన్ని వేరే పద్ధతిలో చదువుతోంది. మామూలు టెక్స్ట్ ఫైలును వర్డ్‌లో తెరిచినప్పుడు ఏ ఎన్‌కోడింగ్ అని అడుగుతుంది. అక్కడ 'యూటీఎఫ్ 8' ఎంచుకుంటే తెలుగు తిరిగి వస్తుంది. పిల్లల పేర్ల జాబితాను ఎక్సెల్‌లో తెరిచేవారికి కూడా ఇదే విరుగుడు. నేరుగా తెరవకుండా 'డేటా' మెనూ నుంచి తెచ్చుకుని 'యూటీఎఫ్ 8' ఎంచుకోవాలి. రెండో రకం పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు. దాని సంగతి కింద విడిగా రాస్తున్నాం.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే: ఇదే పెద్ద జబ్బు. తెలుగును దాచలేని పద్ధతిలో ఎవరో ఫైలును సేవ్ చేశారు. ప్రతి అక్షరం స్థానంలో నిజంగానే ఒక ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంది. ఏ ఫాంటు వేసినా తెలుగు రాదు. పంపినవారినే అడిగి అసలు ఫైలు మళ్ళీ తెప్పించుకోవడం తప్ప దారి లేదు. వర్డ్ నుంచి 'ప్లెయిన్ టెక్స్ట్'గా సేవ్ చేసేటప్పుడు 'విండోస్ డిఫాల్ట్' అని వదిలేస్తే ఇలా జరుగుతుంది. కొన్ని అక్షరాలు పోతాయని వర్డ్ అక్కడే హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక చదవకుండా 'ఓకే' నొక్కకండి. నోట్‌ప్యాడ్‌లో పాత విండోస్ వాడేవారికీ ఇదే ప్రమాదం ఉండేది. 2019లో వచ్చిన విండోస్ 10 మార్పుల తర్వాత నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్ళను తనంతట తానే యూటీఎఫ్ 8లో దాస్తోంది.

3. తాతగారి ఫైలు తెరుచుకోవడం లేదా?

యూనికోడ్ ఇంటింటికీ రాకముందు తెలుగును అచ్చు వేయడానికి అనూ, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు ఎంతో ఉపయోగపడ్డాయి. ఎన్నో శుభలేఖలు, పుస్తకాలు, సావనీర్లు వాటితోనే తయారయ్యాయి. అయితే వాటి పాత ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చున్నాయి. కంప్యూటరు లెక్కలో అది ఇంగ్లీషే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కని తెలుగు, లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. పైగా ఒక సంస్థ గళ్ళు ఇంకొక సంస్థ గళ్ళతో కలవవు.

మనలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి ఫైళ్ళు ఉన్నాయి. తాతగారు రాసుకున్న జ్ఞాపకాలు, అమ్మమ్మగారి పాటల నోటు పుస్తకం, బంధువుల వంశవృక్షం. ఊళ్ళో డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో ఇచ్చినవి. ఇప్పుడు కొనే లాప్‌టాపుల్లో చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు. ఇంకో పదేళ్ళు ఊరుకుంటే ఆ ఫాంటు పేరు చెప్పగలిగినవారు కూడా మిగలకపోవచ్చు.

చేయవలసిన పని ఇది. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. వర్డ్‌లో తెరిచి, ఒక వాక్యం ఎంచుకుని, ఫాంటు గడిలో ఏ పేరు కనిపిస్తోందో రాసుకోండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినా పేరు మాత్రం సాధారణంగా అక్కడ కనిపిస్తుంది. ఆ ఫాంటుకు తగిన యూనికోడ్ కన్వర్టరుతో మార్చండి. మార్చిన తర్వాత అచ్చు ప్రతి ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని వరుసగా చదవండి. ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తుల దగ్గర తేడాలు వస్తుంటాయి. ఈ చదివే పని పిల్లలకు అప్పగించండి. తాతగారి చిన్ననాటి కబుర్లను మించిన వాచకం మేము బడిలో ఇవ్వలేం. ఫోనులో తాతగారినే అడిగి దిద్దుకోగలిగితే ఇంకా మంచిది.

4. ఎర్ర గీత తప్పు గుర్తు కాదు

పేరు కింద ఎర్ర గీత పడితే ఆ పేరు తప్పని కాదు. కంప్యూటరు ఆ మాటను ఇంగ్లీషు నిఘంటువులో వెతికి, దొరకలేదని చెబుతోంది. మాటను ఎంచుకుని 'రివ్యూ' మెనూలో 'లాంగ్వేజ్' నొక్కి, 'సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్'లో తెలుగును ఎంచుకోండి. అయినా గీతలు వస్తుంటే అక్కడే 'డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్' అనే గడిలో టిక్కు పెట్టండి. తెలుగు స్పెల్ చెకర్ ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మకండి. సంధులు కలిసి, విభక్తులు చేరి తెలుగు మాట ఎన్నో రూపాలు ఎత్తుతుంది. 'చెప్పాల్సొచ్చిందట' వంటి మాటలన్నీ ఏ నిఘంటువులోనూ దొరకవు. తప్పొప్పులు చెప్పవలసింది అమ్మ, నాన్న, టీచరు.

5. ఫాంటు మారదు, అక్షరం నెత్తి తెగుతుంది

వర్డ్ తెలుగును 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' కిందకు చేర్చింది. ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగుకు ఇంకొకటి విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఫాంటో, సైజో మార్చినా తెలుగు ఉలకకుండా పలకకుండా ఉంటే, కంట్రోల్ మీటతో పాటు 'డి' నొక్కండి. తెరుచుకున్న కిటికీలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అనే భాగంలో తెలుగు ఫాంటు, సైజు ఇవ్వండి. లిబ్రాఫీసు వాడేవారు ఇదే పనికి 'సీటీఎల్ ఫాంట్' అన్న చోట చూడాలి.

గుడుల నెత్తి, ఒత్తుల కాళ్ళు తెగినట్టు కనిపిస్తే వరుసల మధ్య చోటు చాలలేదన్నమాట. తెలుగు అక్షరం పైకీ కిందకీ కూడా పెరుగుతుంది. 'పేరాగ్రాఫ్' కిటికీలో 'లైన్ స్పేసింగ్' దగ్గర 'ఎగ్జాక్ట్‌లీ' అని ఉంటే దాన్ని 'సింగిల్' లేదా 'ఎట్ లీస్ట్' అని మార్చండి.

అందమైన ఫాంట్లు కావాలంటే డబ్బు పెట్టి కొననక్కర్లేదు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్ సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి. వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర బాగుంటాయి.

6. నేను 'ణేను' ఎలా అయ్యాను?

ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి తెలుగులోకి మార్చుకునేవారికి ఇది బాగా ఎదురవుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, 2006లో వచ్చిన లేఖినిలో, చిన్న 'ఎన్' కొడితే న, పెద్ద 'ఎన్' కొడితే ణ. అలాగే చిన్న 'టి' త, పెద్ద 'టి' ట. చిన్న 'డి' ద, పెద్ద 'డి' డ. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. ఈ ఇంగ్లీషు అక్షరాల వ్యాసాన్ని ముందు వర్డ్‌లో టైపు చేశారనుకోండి. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం వర్డ్‌కు అలవాటు. దాంతో నేను 'ణేను' అవుతాను, తాతయ్య 'టాతయ్య' అవుతారు, దోస 'డోస', లడ్డు 'ళడ్డు' అవుతాయి!

విరుగుడు: 'ఫైల్', 'ఆప్షన్స్', 'ప్రూఫింగ్', 'ఆటో కరెక్ట్ ఆప్షన్స్' వరుసగా తెరిచి, వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే గడిలో టిక్కు తీసేయండి. ఇంకా సులువైన దారి నేరుగా తెలుగులోనే టైపు చేయడం. 2019 నుంచి విండోస్‌లోనే 'తెలుగు ఫొనెటిక్' కీబోర్డు ఉంది. సెట్టింగుల్లో తెలుగు భాషను చేర్చుకున్నాక విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారవచ్చు. పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పినా మంచిదే. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. 'స్త్రీ' రాయడానికి ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు నొక్కాలి. సరిగ్గా ఆరు!

7. లండన్లో, లండన్‌లో

'లండన్' రాసి వెంటనే 'లో' రాస్తే పొల్లు పోయి ల ఒత్తుగా కిందకు దిగి 'లండన్లో' అవుతుంది. ఇది తప్పేమీ కాదు, పొల్లు పక్కన హల్లు వస్తే కలవడం తెలుగు లిపి స్వభావం. మన అమ్మమ్మలైతే 'లండనులో' అని చివర ఉకారం చేర్చి పలుకుతారు, అప్పుడు ఈ చిక్కే రాదు. కానీ పేర్లు, ఊళ్ళు విడిగా కనిపించాలనుకుంటే మధ్యలో ఒక కనిపించని గుర్తు పెట్టాలి. దాని పేరు 'జీరో విడ్త్ నాన్ జాయినర్'. చోటు తీసుకోదు, అక్షరాలను కలవనివ్వదు. వర్డ్‌లో ఇంగ్లీషు కీబోర్డుకు మారి, పొల్లు తర్వాత 200 అంకెలు, వాటి పక్కన 'సి' కొట్టి, ఆల్ట్ మీటతో 'ఎక్స్' నొక్కితే ఆ గుర్తు పడుతుంది. దీనికి బదులు ఖాళీ వదిలితే మాట రెండు ముక్కలై, వరుస చివర విడిపోతుంది.

ఈ కనిపించని గుర్తుకు ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం మధ్యలో ఈ గుర్తు ఉన్న సందేశం వస్తే ఐఫోన్లలో మెసేజ్ ఆప్‌లు ఆగిపోయాయి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో వార్తల్లో "తెలుగు అక్షరం ఫోన్లను పడగొట్టింది" అని వచ్చింది. అక్షరం చేసిన తప్పేమీ లేదు. ఆ అమరికను సరిగ్గా చూపించలేకపోయింది ఫోనులోని ప్రోగ్రాము.

8. సున్న అంటే ఏ సున్న?

'పండగ'లో సున్నకు బదులు అంకెల వరుసలోని సున్న నొక్కితే 'ప0డగ' అవుతుంది. కొందరు ఇంగ్లీషు 'ఓ' కొడతారు. అచ్చులో కళ్ళు మోసపోవచ్చు, కంప్యూటరు మోసపోదు. 'పండగ' అని వెతికితే ఆ వ్యాసం దొరకదు, చదివి వినిపించే ప్రోగ్రాము కూడా తడబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో సున్న 'ఎక్స్' మీట మీద, ఆర్‌టీఎస్‌లో పెద్ద 'ఎమ్' మీద ఉంటుంది. 'దుఃఖం' వంటి మాటల్లో విసర్గకు బదులు కోలన్ కొట్టడం కూడా ఇలాంటిదే.

9. సంచికకు పంపేటప్పుడు

వ్యాసాన్ని వర్డ్ ఫైలుగానూ, పీడీఎఫ్‌గానూ రెండూ పంపండి. మీ తెర మీద ఎలా కనిపించిందో పీడీఎఫ్ చూపిస్తుంది. కానీ దానిలోంచి తెలుగును కాపీ చేస్తే గుణింతాలు, ఒత్తులు తారుమారు కావచ్చు. దిద్దడానికి వర్డ్ ఫైలే కావాలి. 'ఆప్షన్స్', 'సేవ్'లో 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' గడికి టిక్కు పెడితే, అనుమతి ఉన్న ఫాంట్లు ఫైలుతో పాటే ప్రయాణిస్తాయి. పేజీలు అమర్చే స్వచ్ఛంద సేవకులకు ఒక మాట: ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే, పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోండి.

పిల్లలకు అభ్యాసం

1. 'స్త్రీ' టైపు చేసి, ఎన్నిసార్లు బాక్‌స్పేస్ నొక్కితే మొత్తం పోతుందో లెక్కపెట్టండి. తర్వాత 'అమ్మ', 'రాష్ట్రం' ప్రయత్నించండి. నొక్కే ముందే జవాబు ఊహించి రాసుకోండి.

2. విండోస్ వర్డ్‌లో 'అ' టైపు చేసి, దాని వెనకే కర్సరు ఉంచి ఆల్ట్ మీటతో 'ఎక్స్' నొక్కండి. అక్షరం పోయి 0సి05 వస్తుంది. మళ్ళీ నొక్కితే 'అ' తిరిగి వస్తుంది. ఇది పదహారు అంకెల లెక్క. అందులో 'సి' అంటే 12. 12ను 256తో గుణించి 5 కలిపితే ఎంత? జవాబు ఈ పాఠంలోనే ఉంది.

3. మీ ఊరి పేరు పక్కన 'లో' చేర్చి, కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి రాయండి. మీకు ఏది నచ్చిందో మీ టీచరుకు చెప్పండి.

4. మీ పేరును మూడు ఫాంట్లలో రాసి, అచ్చు తీసి, గోడకు అంటించండి.

5. ఇది ఇంటిల్లిపాదికీ. పాత సీడీలు, ఈమెయిళ్ళు వెతికి, తెలుగులో ఉన్న ఒక పాత ఫైలును పట్టుకోండి. పైన చెప్పిన మూడు జబ్బుల్లో దానికి ఏది ఉందో కనిపెట్టండి. బాగుచేసి ఒక పేజీ బడికి తీసుకురండి. మీ ఇంట్లో కుదరకపోతే ఫైలునే తీసుకురండి, శనివారం తరగతి అయ్యాక కలిసి కూర్చుని చూద్దాం.